పన్నెండు మంచాల ఆసుపత్రి

ప్రెస్సు మేడమీద గది,
జూన్ 3

అత్తయ్యకు,

నేను బాగున్నాను. నాన్న మోకాలు బాగాలేదు. అమ్మ గొంతు చాలా బాగుంది, వీధి చివరికి వినిపిస్తోంది. క్షేమసమాచారాలు అయ్యాయి కాబట్టి విషయానికి వస్తాను.

మన ఆసుపత్రిని పడగొడుతున్నారు. నిన్న ఎవరో వచ్చి గోడల మీద సున్నంతో నంబర్లు వేసి వెళ్ళారు. అక్కడ గోడౌను కడతారట. పదకొండేళ్ళు తాళం వేలాడుతుంటే ఎవరికీ పట్టలేదు, ఇప్పుడూ పట్టడం లేదు. టీకొట్టు దగ్గర నిలబడి "ఇది మనందరి ఆస్తి కదండీ, ఇలా చూస్తూ కూర్చుంటారా?" అని అడిగాను. ఒక పెద్దమనిషి గ్లాసులోకి చూస్తూ, "దుమ్ము బాగా లేస్తుందయ్యా, ఆ వైపు కిటికీలు మూసుకోవాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గ్లాసు లాక్కుని విసిరికొడదామనుకున్నాను. కొట్టు ఆమె నా వైపు చూడటం వల్ల ఆగాను.

అందుకే కరపత్రం వేస్తున్నాను. పేరు "మన ఆసుపత్రిని చంపిందెవరు?" నేనే రాసి, నేనే అక్షరాలు కూర్చి, నేనే అచ్చు వేస్తాను. ఓనరు గారు "కోతలో మిగిలిన కాగితం ముక్కలు వాడుకో, ప్రెస్సు పేరు మాత్రం కింద వెయ్యకు" అన్నారు. పిరికితనానికి కూడా ఒక ఉదారత ఉంటుందని అప్పుడే తెలిసింది.

నువ్వు అక్కడ ఇరవై ఆరేళ్ళు హెడ్‌నర్సువి. నీకు తెలియని గోడ లేదు. తేదీలు, పేర్లు, జరిగిన కుట్రలు అన్నీ వివరంగా రాయి. ముఖ్యంగా కుట్రలు.

నీ మేనల్లుడు


బడి హాస్టలు, సిక్‌రూము,
జూన్ 14

నిప్పుకోడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ముందు కవరు తడిమి చూశాను, చెయ్యి కాలుతుందేమోనని. మీ అమ్మ గొంతు గురించి ఇంకోసారి అలా రాశావంటే ఆ ఉత్తరాన్ని ఆమెకే పోస్టు చేస్తాను.

కుట్రల గురించి అడిగావు. నా దగ్గర దుప్పట్ల సంగతులున్నాయి, కావాలంటే రాస్తాను.

స్థలం మన ఊరి బట్టలమిల్లు ఇచ్చింది. ఇటుకలు మాత్రం మనవాళ్ళు మోశారు, షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళే దారిలో మనిషికి నాలుగు. కట్టిన తరువాత చూస్తే మంచాలు పన్నెండు, నర్సులు ఇద్దరు, దుప్పట్లు ఉతికేవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు డాక్టరు గారు వీధికొక రోజు వంతు పెట్టారు. ఆయన పొట్టి మనిషి. ఆపరేషను బల్ల దగ్గర చెక్కపీట వేసుకుని నిలబడేవారు. ఆ పీట మీద నుంచే "మీ వీధి పేషంటు పడుకునే దుప్పటి మీరే ఉతకాలి, మగవాళ్ళు కూడా!" అని అరిచారు. మంగళవారం వంతులో ఒకాయన ఉండేవాడు. సొంత చొక్కా ఎన్నడూ ఉతుక్కోని మనిషి. ఆయన దుప్పటి పిండుతుంటే చూడాలని భార్య పక్కింటావిడని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చుని, "మూల వదిలేశారు, ఆ మూల!" అని చెబుతూ పొద్దు గడిపారు.

వెనక పెరట్లో తాళ్ళ మీద ఆ దుప్పట్లన్నీ ఆరేవి. గాలి వస్తే వరండాలో పడుకున్నవాళ్ళ ముఖాల మీద నీడలు అటూ ఇటూ కదిలేవి. జ్వరం తగ్గినవాళ్ళు వాటినే చూస్తూ పడుకునేవారు. ఇక్కడి సిక్‌రూములో కిటికీ అవతల ఇంకో గోడ ఉంది.

పేషంట్లని మేము పేర్లతో పిలిచేవాళ్ళం కాదు, మంచం నంబరుతో పిలిచేవాళ్ళం. అది బజారుదాకా పాకింది. ఒకసారి కూరగాయల దగ్గర నోరు జారి, "ఏమ్మా ఏడో మంచం, నిద్ర పడుతోందా?" అన్నాను. పక్కనున్న ఆమె భర్త ముఖం చూడాలి.

కాంపౌండరు గారు గులాబీరంగు మిక్చరు కలుపుతూ ఈల వేసేవారు. సీసాకి అంటించే కాగితం అంచుని డోసు గుర్తుల కోసం కత్తెరతో కోసేవారు. పూటకి ఎన్ని సీసాలు కట్టినా ఒక్క గుర్తు కూడా వంకర పోయేది కాదు.

నువ్వు పుట్టింది నాలుగో మంచం మీద. నీ ఏడుపు విని డాక్టరు గారు, "వీడికి మైకు అక్కర్లేదు" అన్నారు. ఇది కూడా చరిత్రలో వేసుకో.

మీ అత్తయ్య


ప్రెస్సు మేడమీద గది,
జూన్ 25

అత్తయ్యకు,

నీ ఉత్తరం ఉన్నది ఉన్నట్టు అక్షరాలు కూర్చాను. ప్రూఫు చదువుతూ ఓనరు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. మంగళవారం వంతు ఆయనది కూడానట, చెప్పనే లేదు.

కాని అత్తయ్యా, నువ్వు దుప్పట్ల దగ్గరే ఆగిపోయావు. అవి ఎందుకు ఆరడం మానేశాయో రాయలేదు. నువ్వు రాయకపోయినా నాకు దొరికింది. అటక మీద పాత కాగితాల కట్టలో ఆసుపత్రి మూసిన ఏటి తనిఖీ నివేదిక ఉంది, మన ప్రెస్సులోనే అచ్చయిన ప్రతి. అందులో రెండే రెండు సంగతులు. ఒకటి, రిజిస్టరు ప్రకారం పేషంట్లు రోజుకి ఇద్దరు. అందుకని ఆసుపత్రి అనవసరం. రెండు, మందులు మాత్రం రోజుకి ముప్పై మందికి సరిపడా ఖర్చయ్యాయి. ఆ మందులేమయ్యాయో కాంపౌండరు చెప్పలేకపోయినందున ఉద్యోగం నుంచి తొలగించడమైనది.

అంటే అర్థమైంది కదా? మందులు బయట అమ్ముకున్నాడు. రోగులకి మందులేవీ లేకపోతే ఆసుపత్రికి ఎవరొస్తారు? రోజుకి ఇద్దరు! ఆ మనిషి ఇప్పుడు స్టేషను వెనక గదిలో ఉంటున్నాడు. సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని ఇప్పటికీ ఈల వేస్తున్నాడు. అంతమంది నోటి దగ్గరి మందు తీసిన మనిషికి ఈల ఎలా వస్తుందో నాకు అంతుపట్టదు.

జూలై పదో తారీకున గేటు ముందు ఇది చదువుతాను, పేరుపెట్టి మరీ.

నీ మేనల్లుడు


సిక్‌రూము,
జూలై 2

ఒరేయ్,

ఆ మనిషి జోలికి వెళ్ళకు. కారణం అడగకు. మిగతాదంతా నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. ఆ పేజీ మాత్రం తీసెయ్.

పిల్లలకి గవదబిళ్ళలు, తీరిక లేదు.

అత్తయ్య


ప్రెస్సు మేడమీద గది,
జూలై 11

అత్తయ్యకు,

కారణం అడగకూడదట! నువ్వు కూడా ఇలా అంటే ఇంక ఈ సమాజంలో ఎవరిని నమ్మాలి? కలిసి పనిచేశారు కాబట్టి మొహమాటం, అంతేనా? ప్రజల ప్రాణాల కంటే మొహమాటం పెద్దదా? నీ ఉత్తరం చదివాక, ఉన్న పేజీ తీయకపోగా దాని ముందు ఇంకో పేరా చేర్చాను.

నిన్న చదివాను. గేటు ముందు స్టూలు వేసుకుని నిలబడ్డాను. అరవై డెబ్భై మంది వచ్చారు. దుప్పట్ల భాగం చదువుతుంటే నవ్వారు, ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. తరువాత కాంపౌండరు సంగతి మొదలుపెట్టాను. "ప్రజారోగ్యాన్ని పీక్కుతిన్న రాబందు" అన్నాను. "మిక్చరులో నీళ్ళు కలిపి, అసలు మందు అమ్ముకున్నాడు" అన్నాను. చప్పట్లు వస్తాయనుకున్నాను. రాలేదు. ముసలివాళ్ళు నేల చూశారు. అప్పుడు చూశాను, ఆయన అక్కడే ఉన్నాడు, గేటు స్తంభానికి ఆనుకుని.

అయిపోయాక నెమ్మదిగా వచ్చాడు. కొడతాడేమోనని సిద్ధంగా ఉన్నాను. కరపత్రం ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "అచ్చుతప్పులు లేవు. బాగా కూర్చావు అబ్బాయ్" అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తప్పు చేయని మనిషయితే అరవడా? చెప్పు. నేనైతే అరుస్తాను.

నీ మేనల్లుడు


సిక్‌రూము,
జూలై 19

నాయనా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

మిల్లు నుంచి హాజరు రాసే టైంకీపరు ప్రతి శనివారం ఆసుపత్రికి వచ్చేవాడు. స్థలం మాది కాబట్టి రిజిస్టరు చూసే హక్కు మాకుందనేవాడు. పేరు ఎదురుగా దగ్గు అని ఉంటే, సోమవారం ఆ మనిషిని గేటు దగ్గరే ఆపేసేవారు. మిల్లు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు మిల్లుకి అక్కర్లేదు. అలా ముగ్గురి పని పోయింది. ముగ్గురి పేర్లూ రాసింది ఈ చేత్తోనే.

నాలుగోసారి నూలువిభాగం నుంచి ఒకామె వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. నా మణికట్టు పట్టుకుని, "సిస్టరమ్మా, మందివ్వు చాలు. పేరు రాయకు" అంది. నేను కలానికి మూత పెట్టేశాను.

అక్కడ మొదలైంది. దగ్గులు మాత్రమే మాయమైతే వాడు పసిగడతాడు కదా? అందుకని మిల్లువాళ్ళ జ్వరాలు రాయడం మానేశాను, తరువాత వాపులు, తరువాత అన్నీ. పేర్లు పైకి పలికితే ఎవరి చెవిన పడతాయోనని మంచం నంబర్లతో పిలవడం అప్పుడే అలవాటు చేశాను. నీకు తమాషాగా రాశానే, అది. వరండా నిండా జనం ఉండేవారు, రిజిస్టరులో ఇద్దరు ఉండేవారు. డాక్టరు గారికి తెలుసు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. కాంపౌండరు గారికి తెలుసు. పేరు లేని ప్రతి సీసా ఆయన చేతిమీదుగానే వెళ్ళింది.

డాక్టరు గారు పోయిన మరుసటి ఏడు ఫైలు చంకలో పెట్టుకుని ఒక సర్కారు అధికారి వచ్చాడు. మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఆయన గేటు దాటడం చూసి ఎవరో "మిల్లు మనిషి!" అన్నారు. అంతే. లేవగలిగినవాళ్ళంతా వెనక గుమ్మంలోంచి, దుప్పట్ల మధ్యనుంచి దూరి గోడ దాటిపోయారు. లేవలేని ఇద్దరు మిగిలారు. ఆయన లోపలికి వచ్చి మంచాలు లెక్కపెట్టి, రిజిస్టరు తెరిచి, "సరిపోయిందమ్మా. ఇద్దరికోసం ఇంత ఆసుపత్రి దేనికి?" అన్నాడు. మంచాలింకా వెచ్చగా ఉన్నాయి, తాకి చూడండి అని చెప్పాలనిపించింది. చెబితే పేర్లు అడుగుతాడు. పేర్లు మిల్లుకి చేరతాయి.

తరువాత మందుల సంగతి అడిగాడు. నేను నోరు తెరిచేలోపు కాంపౌండరు గారు ముందుకొచ్చి, "మందుల సంగతి నాది. సిస్టరుకి సంబంధం లేదు" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయన ఉద్యోగం పోయింది, పేరు పోయింది. నాకు మంచి నడవడి అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం చూపించే ఇక్కడ చేరాను.

మొదట్లో మనవాళ్ళ పనులు పోకూడదని నోరు మూసుకున్నాను. అది నిజమే. కాని మిల్లు మూతపడి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఎవరి పని పోతుంది? ఈ నాలుగేళ్ళుగా నేను కాపాడుతున్నది నన్ను నేనే.

నీ పేజీ తీసెయ్యమన్నప్పుడైనా చెప్పవలసింది. సిగ్గుపడ్డాను.

ఈ ఉత్తరాన్ని అదే గేటు ముందు, అదే స్టూలు మీద నిలబడి చదువు.

అత్తయ్య


ప్రెస్సు మేడమీద గది,
ఆగస్టు 2

అత్తయ్యకు,

పది రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. నా అచ్చులో రాబందు అనే మాట పెద్దక్షరాల్లో ఉంది. ఆ టైపు నేనే ఏరి పెట్టాను.

ఆయన గదికి వెళ్ళాను. ఇంటి ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఆయనే తలుపు తీసి, "ఏం అబ్బాయ్, రెండో ముద్రణా?" అన్నారు. 

"అత్తయ్య రాసింది" అన్నాను.

ఆయన తలుపు బార్లా తెరిచారు. "రాసేసిందా? అయ్యో. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకో పదేళ్ళు ఆగి ఉంటే ఇద్దరం పోయి ఉండేవాళ్ళం, గొడవ వదిలేది. లోపలికి రా."

నేను కాళ్ళ మీద పడబోయాను. "ఆ నేల తడి. ఇప్పుడే తుడిచాను" అన్నారు. కూర్చోబెట్టి కరపత్రం తీశారు. పెన్సిలుతో గీతలు పెట్టి ఉన్నాయి.

"దొంగ అన్నావు, ఫర్వాలేదు. రాబందు అన్నావు, పక్షే కదా. ఇదిగో, ఇక్కడ, మిక్చరులో నీళ్ళు కలిపానన్నావు. ఇది మాత్రం కొట్టెయ్యాలి. నా మిక్చరు ఒక్కనాడూ పలచన కాలేదు. మీ అమ్మనడుగు, మూడు రోజులు నాలుక మీద చేదు పోయేది కాదు."

"మీరెందుకండీ అరవలేదు ఆ రోజు?"

"అరిస్తే నువ్వు ఊరుకుంటావా? ఎందుకు, ఎలా అని తవ్వుతావు. తవ్వితే ఆమె బయటపడుతుంది."

అత్తయ్యా, కరపత్రాలన్నీ ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తీసుకుంటాను. తప్పు నాది, తెలియక రాశాను అని అచ్చు వేసి పంచుతాను. కాంపౌండరు గారు నిర్దోషి అని పెద్దక్షరాల్లో వేస్తాను. కాని నీ ఉత్తరం చదవలేను. దానివల్ల ఇప్పుడు ఎవరికి లాభం? జనం సగం విని సగం వదిలేస్తారు. నిన్ను ఏమైనా అంటే నేను తట్టుకోలేను. దయచేసి నన్ను బలవంతపెట్టకు.

నీ మేనల్లుడు


సిక్‌రూము,
ఆగస్టు 9

నిజం కావాలని ఊరంతా అరిచావు. అది మన గుమ్మం దాకా వచ్చేసరికి గడియ పెడతావా? ఆయన పేరు చదివినప్పుడు నీ కాళ్ళు వణకలేదే?

దోషం ఎవరిదో చెప్పకుండా ఆయన నిర్దోషి అంటే ఎవరు నమ్ముతారురా?

చదువు. ఒక్క ముక్క మార్చకు. నీ విశేషణాలు అసలే చేర్చకు.

అత్తయ్య


ప్రెస్సు మేడమీద గది,
ఆగస్టు 21

అత్తయ్యకు,

పదిహేడో తారీకున చదివాను. వెనక సగం గోడలు అప్పటికే పడిపోయాయి. పనివాళ్ళు కూడా గునపాలు పక్కన పెట్టి విన్నారు.

వెనక గుమ్మం సంగతి చదువుతుంటే ఒక ముసలామె పెద్దగా నవ్వింది. "నేనే! నేనే! చేతికి సూది ఉండగానే దూకాను. మా ఆయన ఇంటి దగ్గర పీకాడు!" అంది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. పక్కన ఇంకొకాయన "నాది పదకొండో మంచం" అన్నాడు. "మాది రెండోది" అని ఇంకొకరు. ఓనరు గారు ముందుకొచ్చి కాంపౌండరు గారి చెయ్యి పట్టుకుని, "మాకందరికీ తెలుసండీ. మీరు అడ్డం పడ్డారని తెలిసి కూడా నోరు మెదపలేదు" అన్నారు. కాంపౌండరు గారు "పోనీలెండి, పోనీలెండి" అంటూ చెయ్యి విడిపించుకోవాలని చూశారు. అత్తయ్యా, ఆ రోజు ముసలివాళ్ళు నేల ఎందుకు చూశారో నాకప్పుడు తెలిసింది.

ఇక్కడితో ఉత్తరం ముగిద్దామనుకున్నాను. మూడు రోజులు ఇక్కడితోనే ముగించి, మడిచి, మళ్ళీ చింపాను. మిగతాది కూడా రాస్తున్నాను.

అందరూ కదులుతుంటే గడియారాలు బాగుచేసే ఆయన నా దగ్గరికి వచ్చారు. బజారు మలుపులో చిన్న షాపు. ఎప్పుడూ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. గొంతు పెంచలేదు.

"బాగుంది. మీ అత్తయ్య అందరి పనులూ నిలబెట్టింది. ఆసుపత్రి మూసిన ఆరో నెలలో మా ఆవిడకి నొప్పులొచ్చాయి. రెండో కాన్పు. పెద్దాసుపత్రి పద్దెనిమిది మైళ్ళు. పన్నెండో మైలు దగ్గర బండి ఆపమంది. నేను ఆపలేదు. కొంచెం ఓర్చుకో, వచ్చేశాం అన్నాను. ఆ తరువాత తను ఇంకేమీ అనలేదు."

ఆయన కూలిన గోడల వైపు చెయ్యి చూపారు.

"ఆ పేర్లు రాసి ఉంటే ఆసుపత్రి ఉండేది కదా బాబూ? నాకు లెక్క తెలియక అడుగుతున్నాను. మీ అత్తయ్యని అడిగి చెప్పు" అని వెళ్ళిపోయారు.

ఎప్పుడూ నా దగ్గర జవాబు ఉండేది. ఎవరు ఏమన్నా సరే, ఏదో ఒక కరపత్రంలో చదివినది తగిలించేవాణ్ణి. ఈసారి ఆయన అడిగి చెప్పమన్నారు కాబట్టి అడుగుతున్నాను.

నీ మేనల్లుడు


సిక్‌రూము,
ఆగస్టు 28

నాయనా,

మొదటి కాన్పు ఆ అమ్మాయికి నేనే చేశాను. ఆడపిల్ల. పన్నెండో మంచం, కిటికీ పక్కది, అడిగి మరీ ఇప్పించుకుంది. ఉన్న నాలుగు రోజులూ భర్త ప్రతి పూటా వచ్చి వార్డులో గోడగడియారం సరిచేసి వెళ్ళేవాడు, పాపం ఏం మాట్లాడాలో తెలియక.

ఆమె పోయినట్టు నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. మూసిన తరువాత ఎవరెవరు ఏమయ్యారని ఈ పదకొండేళ్ళలో మీ నాన్నకి రాసిన ఒక్క ఉత్తరంలోనైనా అడగలేదు. అడిగితే తెలుస్తుంది కదా.

రాయనందుకు ఎందరి పనులు నిలిచాయో నాకు తెలుసు, మనిషి మనిషీ గుర్తున్నారు. ఆయన అడిగిన లెక్క మాత్రం నేను ఎన్నడూ వెయ్యలేదు. ఇప్పుడు వేసినా తేలేది కాదు. మళ్ళీ ఆ నూలువిభాగం ఆమె వచ్చి మణికట్టు పట్టుకుంటే, నేను కలానికి మూత పెడతానో పెట్టనో నాకే తెలియదు. ఆయనకి అదే చెప్పాలి. ఉత్తరంలో చెప్పకూడదు, నీ చేత చెప్పించకూడదు.

గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. బస్టాండుకి నువ్వొక్కడివే రా. ఆడవాళ్ళని, దండల్ని, ఓనరు గారిని వెంటబెట్టుకుని రాకు. కాంపౌండరు గారి గదికి సాయంత్రం వెళ్దాం. ఇంతకాలం ఓర్చిన మనిషి ఇంకో పూట ఓర్చుకుంటారు. ముందు గడియారాల షాపుకి వెళ్ళాలి.

నువ్వు బయట నిలబడు. ఆయన అరిచినా లోపలికి రాకు. అరవకపోయినా రాకు. నా తరఫున ఒక్క ముక్క మాట్లాడావంటే తిరుగు బస్సు ఎక్కేస్తాను.

మధ్యాహ్నం భోజనానికి షాపు ఎంతసేపు మూస్తారో కనుక్కుని ఉంచు. ఆయన తిన్నాకే వెళ్దాం.

మీ అత్తయ్య